సీసా అబద్ధమాడదు

రిటైరైన చరిత్ర లెక్చరరుకు మా అనంతపురంలో రెండే వ్యాపకాలు. ఒకటి శతకం రాసుకోవడం, రెండోది పాత సామాన్లు పోగుచేసుకోవడం. నాకు గణాలు కుదరవు. అందుకని సీసాలు పట్టుకున్నాను.

నాణేలు దాచుకునేవాణ్ణి పండితుడంటారు. తాళపత్రాలు దాచుకునేవాణ్ణి మహానుభావుడంటారు. సీసాలు దాచుకునేవాణ్ణి ఏమంటారో వేరే చెప్పాలా? మా బామ్మర్ది పెళ్ళిళ్ళలో నన్ను "మా బావ, సీసాల మనిషి" అని పరిచయం చేసి, అవతలివాళ్ళ మొహం ఎట్లా మారుతుందో చూసి ఆనందించేవాడు. నేను పట్టించుకునేవాణ్ణి కాదు. శాసనంలో రాజు తనకు నచ్చిందే చెక్కిస్తాడు, నాణెం మీద తనకు నచ్చిన బిరుదే వేయిస్తాడు. తాగి పారేసిన సీసా మీద ఎవడూ తన గొప్ప రాయించుకోడు.

అమెరికాలో విలియం రాత్జే అనే ఆర్కియాలజీ ప్రొఫెసరు 1973లో టూసాన్ ఊళ్ళో ఇళ్ళ చెత్తను తన విద్యార్థులతో ఏరించి లెక్క రాయించడం మొదలుపెట్టాడు. మేము తాగేది ఇంతేనని జనం నోటితో చెప్పిన లెక్క ఒకటి, చెత్తలో తేలిన బీరు సీసాల లెక్క ఇంకొకటి. రెండోది ఎప్పుడూ పెద్దదే. ఈ సంగతి ముప్పై ఏళ్ళు క్లాసులో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చివర నా సొంత వాక్యం ఒకటి తగిలించేవాణ్ణి: "మనిషి అబద్ధమాడతాడు గానీ సీసా అబద్ధమాడదు." పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. వెనక బెంచీవాళ్ళు ఈల కూడా వేసేవాళ్ళు, వాళ్ళ కారణాలు వాళ్ళవి.

ఒక ఏడు ఎండాకాలం బుక్కరాయసముద్రం చెరువులో కరువు పని పడింది. ఉపాధి హామీ పనిని మా సీమలో అట్లాగే అంటారు. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని మొదలుపెట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. కాగితం మీద దానికి బారెడు పేరుంది. జనం ఆ పేరును పక్కన పెట్టి, తమకు అది ఎందుకు అవసరమైందో ఆ పేరే పెట్టుకున్నారు.

పూడిక తీస్తున్నారని తెలియగానే నాకు నిద్ర పట్టలేదు. అది ఇవాళ్టి చెరువు కాదు. 1364 ప్రాంతంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డంగా కట్ట పోయించాడు. కట్టకు ఒక కొసన అనంతపురం, ఇంకో కొసన బుక్కరాయసముద్రం పుట్టాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట చెరువుకు సముద్రమని పేరు పెట్టుకున్నవాళ్ళం మేము. ఆ కట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే కోడలు గండిలోకి దిగి ప్రాణమిచ్చిందని కథ. పేరు చూసి పొరపడేరు, ఆమె ముసలిది కాదు, బసిరెడ్డి ఇంటి చిన్న కోడలు. బ్రౌను దొర అచ్చు వేయించిన అనంతపుర చరిత్రలో ఆ కథ చదివే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాశాడు. ఇప్పటికీ ఈ కట్ట ముసలమ్మ కట్టే. చెరువు నిండితే జనం మొదట టెంకాయ కొట్టేది ఆమెకే.

అంటే ఆరున్నర శతాబ్దాలుగా ఊరు నీళ్ళు ముంచుకున్న చోటు అది. నీళ్ళు ముంచుకున్న చోటే కడవ పగులుతుంది, చేతిలోది జారి పడుతుంది, అక్కరలేనిది మునిగిపోతుంది. పైగా నాకో దురాశ ఉండేది. 1800లో దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్ళు ఈ సీమంతా గుడారాలు వేసుకుంటూ తిరిగాడు. జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా తిరిగాడు. గుడారం ఎత్తేసినప్పుడు దొరలు నేల మీద ఏం వదిలేసి పోతారు? ఆయన కాలపు సీసా ఒక్కటి దొరికితే చాలు, బామ్మర్ది నోరు శాశ్వతంగా మూయించవచ్చు.

పొద్దున్నే గొడుగేసుకుని చెరువులోకి దిగాను. నెర్రెలిచ్చిన నేల. ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా కొలత గుంతలు తవ్వుతున్నారు. గడ్డపార పడితే నేల ఖంగుమంటోంది. తట్ట పక్కన పెట్టి ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. డెబ్బై దగ్గర్లో ఉంటుంది వయసు.

"ఏం ఎతుకుతాండావు సామీ?"

"పాత గాజు సీసాలవ్వా. తవ్వేటప్పుడు వస్తే పారేయొద్దు. నాకిస్తే డబ్బులిస్తా."

గుంపంతా నవ్వింది. "మా ఇంటాయప్పను తవ్వితే శానా దొరుకుతాయి సామీ" అని ఒకామె అంది. అవ్వ మాత్రం నవ్వలేదు. "ఎంతిస్తావు?" అని అడిగింది.

మర్నాడు గుడ్డ పేలికలో చుట్టి ఏదో తెచ్చింది. విప్పితే జానెడు కూడా లేని బుడ్డి దీపం. మసి పట్టిన ఆకుపచ్చ సీసా, మూతికి చిల్లు పొడిచిన రేకు, అందులో సగం కాలిన వత్తి. కిరసనాయిలు కంపు. ఒక పక్కకు ఒరిగి ఉంది. అడుగున వేలు పెడితే గీరుకుంది.

"ఇది తవ్వకంలో వచ్చిందా?"

"లేదు సామీ. మా ఇంట్లోదే. మా అత్త కాలం నుంచి ఉండాది."

"ఇంట్లోది నాకెందుకవ్వా?" అని చేతిలో పెట్టేసి, రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాను. తుడుచుకుంటూ పాఠం కూడా చెప్పాను. వస్తువు ఎక్కడ, ఎంత లోతున, వేటి నడుమ దొరికిందనేదే మా విద్యకు ప్రాణం. తావు తెలియని వస్తువు ఎంత పాతదైనా వట్టి సామానే. "ఇంట్లో ఉంటే సామాను, నేలలోంచి వస్తేనే చరిత్ర" అన్నాను. బాగా కుదిరిందనిపించి ఇంకోసారి కూడా అన్నాను.

"నేలలోంచి రావల్ల" అంది అవ్వ.

"ఆఁ."

"సరే సామీ."

వారం తిరక్కుండానే ఒక సీసా ఇచ్చింది, మట్టి కొట్టుకుని ఉంది. కడిగి చూస్తే తెల్ల గాజుది. పక్కనున్న అతుకు గీత అడుగు నుంచి మూతి అంచు మీది దాకా నిటారుగా పోయింది. నిట్టూర్చి, అవ్వను తుమ్మచెట్టు నీడన కూర్చోబెట్టి చెప్పాను. పూర్వం సీసా ఒళ్ళు అచ్చులో ఊది, మూతి మాత్రం చేత్తో తిప్పి దిద్దేవాళ్ళు. కాబట్టి అతుకు గీత మెడ దగ్గర ఆగిపోవాలి. 1903లో మైకేల్ ఓవెన్స్ అనే అమెరికావాడు మూతితో సహా మొత్తం సీసాను తానే చేసే యంత్రం తయారుచేశాడు. అప్పటి నుంచి గీత మూతి మీదికి ఎక్కింది.

"గీత మెడకాడ్నే నిలబడల్ల" అంది అవ్వ.

"అంతే. ఇది నిన్నమొన్నటిది. అయినా శ్రమపడ్డావు, ఇరవై రూపాయలు తీసుకో."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1878 నాటి చట్టం ఒకటి మన దేశంలో ఉంది. నేలలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. నేనిచ్చింది ఇరవై. ఆ లెక్కన ఆ పూట నుంచీ నేను కొంచెం నేరస్తుణ్ణే. ఆ భయంతో కూడిన ఆనందం కూడా లేకపోలేదు.

తర్వాత వచ్చింది గోలీ సోడా సీసా. అతుకు గీత మెడ దగ్గరే ఆగింది. గోలీ లోపల టకటకలాడింది. నా గుండె కూడా. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు 1872లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. సోడాలోని గ్యాసే గోలీని పైకి తోసి మూతిలోని రబ్బరు వలయానికి అదిమిపెడుతుంది, వేరే బిరడా అక్కర్లేదు. బొటనవేలితో గోలీని నొక్కితే కీచుమంటుంది, సోడా పొంగుతుంది. నా చిన్నప్పుడు అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఆ కీచు వినడానికే అణాలు ఖర్చుపెట్టాను. లోపలి గోలీ కోసం పిల్లకాయలు సీసాలు పగలగొట్టేవాళ్ళు కాబట్టి పగలని పాత సీసా దొరకడం కష్టం.

అయితే ఒక్క లోపం. మరీ నున్నగా ఉంది.

"చూడవ్వా, తేమ నేలలో ఏళ్ళు పడి ఉంటే గాజులోని సోడా ఉప్పు కొంచెం కొంచెం కరిగి బయటికి పోతుంది. పైన పలచని పొర మిగులుతుంది, పావురం మెడ మాదిరి మెరుస్తుంది. సున్నం పాలు ఎక్కువున్న మట్టయితే గాజు ఇంకా తొందరగా మాసిపోతుంది. ఇది మాసిపోలేదే?"

"పై పైన దొరికింది సామీ. లోతులో ఉండలేదు" అంది అవ్వ.

తెలివైన జవాబు. వంద ఇచ్చాను. ఉబ్బిపోయి అరికమేడు కథ కూడా చెప్పాను: పుదుచ్చేరి దగ్గర ఆ ఊళ్ళో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వితే రోము నుంచి వచ్చిన సరుకు బయటపడింది, ఆ సరుకులో గాజూ ఉంది. అక్కడే చేసిన గాజు పూసలు సముద్రాలు దాటాయి. గాజును గొట్టంగా సాగదీసి పూసలు కోసే ఆ పాత పద్ధతి మన రేణిగుంట దగ్గరి పాపానాయుడుపేటలో మా తరం దాకా బతికింది. వీలర్ గురించి అవ్వ ఏమీ అడగలేదు. సున్నం గురించి మాత్రం రెండుసార్లు అడిగింది.

కరువు పని ముగిసింది. వానలు రావాల్సిన నెలలు పొడిగానే పోయాయి. శెనక్కాయ చేలు పూత మీదనే మాడిపోయాయి. అవ్వ మేకలు తోలుకుని చెరువులోకి పోతూనే ఉందట. దీపావళి ముందు మా ఇంటికే వచ్చింది, సంచీలో నీలం సీసాతో. ఆరు పలకలు, పక్కల నిండా గీరలు. పైన మబ్బు కమ్మినట్టు తెల్లటి పొర.

కుర్చీలోంచి లేచాను. అది విషం సీసా. దీపాల కాలంలో మందుల అల్మరాలోకి రాత్రిపూట చెయ్యి పెడితే ఏది దగ్గు మందో ఏది విషమో తెలియదు. అందుకని విషాన్ని నీలం సీసాలో పోసి, వేలికి తగిలేట్టు పక్కల గీరలు వేసేవాళ్ళు. చదువు రానివాడి వేలికి కూడా అర్థమయ్యే భాష అది. మూడు వందలిచ్చాను. మా ఆవిడ కాఫీ ఇచ్చి, నా వైపు ఒక చూపు చూసింది.

ఆ రోజు నోరు ఊరుకోక ఊదా రంగు గురించి కూడా చెప్పాను. ఇసుకలో ఇనుము ఉంటుంది గనుక గాజు సహజంగా పచ్చగా వస్తుంది. దాన్ని తెల్లబరచడానికి ఒకప్పుడు మాంగనీసు కలిపేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ పద్ధతి వెనకబడింది. అట్లాంటి గాజు ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉంటే ఊదాగా తిరుగుతుంది. అమెరికా ఎడారుల్లో పాత గనుల చుట్టుపక్కల అట్లాంటివి ఏరుకోవడానికి జనం పోతారు.

"ఎండకేమి కరువు సామీ మనకు?" అంది అవ్వ.

మరుసటి ఎండాకాలం పోయి వినాయక చవితి వచ్చేసరికి లేత ఊదా ఛాయ తిరిగిన మందు సీసా నా బల్ల మీద ఉంది. మట్టి వాసన వేస్తోంది. మెడ దగ్గర గీత ఆగింది, అడుగు ఒక వైపు మందం, లోపల చిన్న చిన్న బుడగలు. అయిదు వందలిచ్చాను. ఏ సీసా ఏ కాలానిది, ఎట్లా తెలుసుకున్నాను అన్నది చీటీల మీద ఎర్ర సిరాతో రాసి అంటించాను. 'బుక్కరాయసముద్రం చెరువు పూడికలో గాజు సీసాలు' అని ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను. ఏ పత్రికకు పంపాలో ఇంకా తేలలేదు గానీ, వీలర్ తర్వాత నా పేరు ఎంత దూరంలో రావాలో మాత్రం తేల్చుకున్నాను.

"ఇంక ఒక్కటే అవ్వా" అన్నాను. "అన్నిటికంటే పాతది. అచ్చు లేకుండా నోటితో ఊదినది. అట్లాంటి దానికి ఎక్కడా అతుకు ఉండదు. మూతి దిద్దేటప్పుడు సీసాను పట్టుకోవడానికి అడుగున ఇనుప కడ్డీ అంటించేవాళ్ళు. పని అయినాక కడ్డీని విరిచేస్తే ఆడ బొడ్డు మాదిరి మచ్చ మిగులుతుంది. 1850ల తర్వాత వేరే పట్టుకారు వచ్చి ఆ బొడ్డు పోయింది. బొడ్డున్న సీసా దొరికితే మన్రో దొర కాలం దాకా పోవచ్చు."

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు.

"బొడ్డా సామీ? అడుగుననా?"

"ఆఁ. గరుగ్గా ఉంటుంది. వేలు పెడితే గీరుకుంటుంది."

"రొంత ఒరిగుంటాదా?"

"ఒరిగి ఉండొచ్చు. చేత్తో చేసింది కదా."

"దానికెంతిస్తావు?"

"వెయ్యి."

"నేలలోంచే రావల్లనా?"

"ఎన్నిసార్లు చెప్పాలవ్వా? నేలలోంచే రావాలి."

"అట్లయితే ఒక నెల టైమియ్యి" అంది. అంత పాతది దొరకాలంటే ఇంకా లోతుకు పోవాలి కదా అని నేనే సమాధానం చెప్పుకున్నాను.

ఆ తర్వాత వారానికి వాన పట్టుకుంది. మొదట మురిసిపోయాం. మా దగ్గర వాన పడితే పనులు మానుకుని వాకిట్లో నిలబడి చూస్తారు. రెండు వారాలైనా విడవకపోయేసరికి చూడటం మానేసి గొడుగులు వెతుక్కున్నాం. పండమేరు పారింది. దసరాకు ఇల్లు దులుపుతూ మా ఆవిడ నా అల్మరా దగ్గర ఆగింది.

"ఏమండీ, ఈ ఊదా సీసా చెరువు మట్టిలో దొరికిందంటిరి?"

"అవును."

"ఎండకు రంగు తిరిగిందని చీటీ మీద రాసినారు?"

"అవును. మాంగనీసు వల్ల."

"మట్టిలో ఉన్నదానికి ఎండ ఎట్ల తగిలె?"

చాలాకాలం బయట ఎండలో పడి ఉండి, తర్వాత పూడిపోయి ఉంటుందని చెప్పాను. "ఊఁ" అని చీపురు తీసుకుని పక్క గదిలోకి పోయింది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆ "ఊఁ" అర్థం నాకు బాగా తెలుసు.

ఆమె పోయాక సీసాలన్నీ కిందికి దించాను. భూతద్దం పెట్టాను. నీలం సీసా మీది తెల్లటి పొరను గోటితో గీకితే వేళ్ళకు సున్నం అంటింది. గోలీ సోడా మెడ నొక్కుల్లో ఎండిన పేడ, ఒక గడ్డిపరక. మొదటి సీసాకు గీత మూతి మీదికి పోయింది, రెండోదానికి మెడ దగ్గర ఆగింది. రెండోది నున్నగా ఉంది, మూడోదానికి పొర వచ్చింది. మూడోదానికి రంగు తిరగలేదు, నాలుగోదానికి తిరిగింది. అల్మరాలో వరసగా నిలబెట్టుకున్నవి నా పాఠాలే.

వాన తెరిపి ఇవ్వగానే ఆటో ఎక్కాను. కట్ట మీద తిరునాళ్ళ మాదిరి జనం. చెరువు నిండి మరువ పారుతోంది. పిల్లకాయలు, మిరపకాయ బజ్జీల బండి, సెల్ఫోన్లో ఫోటోలు, దేవరకొండ నీడ పడిన నీళ్ళు. ఇరవై ఏళ్ళలో ఇంత నీరు చూడలేదని ఎవరో అంటున్నారు, పక్కవాడు ముప్పై అంటున్నాడు. ముసలమ్మ దగ్గర టెంకాయ కొట్టి చిప్ప చేత్తో పట్టుకుని అవ్వ కనిపించింది.

"అవ్వా, నాకిచ్చిన సీసాలు యాడివి?"

దాచిపెట్టే ప్రయత్నం చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు.

"అనంతపురంలో గుజిరీ అంగట్లో తెచ్చినా సామీ. మూటలు మూటలు ఉండాయి ఆడ. కేజీ లెక్కన ఇస్తారు."

"మరి ఆ పొర?"

"సున్నం తొట్లో నానేసి, ఆమైన పెంటదిబ్బలో పూడిస్తి. తేమ ఉండల్ల, ఉప్పుండల్ల, సున్నముండల్ల అని నువ్వే చెప్తివి కదా?"

"ఊదా రంగు?"

"మిద్దె మీద మిరక్కాయలతో పాటు పెట్టినా. ఏడాది దగ్గర పట్టె. పది సీసాలు పెడితే ఒకటే తిరిగె సామీ" అంది, ఆ తొమ్మిదింటికీ నా పాఠంలోనే ఏదో లోపం ఉందన్నట్టు.

"ఇది మోసం కాదా?"

"మోసమేముండాది? పాతవి కావల్లంటివి, పాతవే ఇస్తి. నేలలోంచి రావల్లంటివి, నేలలోంచే తీసిస్తి. శెనక్కాయ పోయిన ఏడు, మనవరాలి పుస్తకాలు ఆ దుడ్లతోనే కొంటిమి."

ఏమనాలో తోచక నా వాక్యం బయటికి తీశాను. "సీసా అబద్ధమాడదని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినానవ్వా."

"సీసా యాడ ఆడింది సామీ?" అంది అవ్వ. "నేనాడితి."

నవ్వొచ్చింది, ఏం చెయ్యను. ఒక్కటీ నేలలో దొరికింది కాదు గనుక 1878 చట్టం కూడా నా జోలికి రాదని తట్టి ఇంకొంచెం నవ్వాను. వ్యాసం చింపెయ్యాలి, చీటీలు పీకెయ్యాలి, బామ్మర్దికి తెలియకుండా చూసుకోవాలి. తిరిగి పోబోతూ, ఊరికే అడిగాను.

"అన్నిట్లో ఒక్కటన్నా నిజమైంది లేదా అవ్వా?"

"యాల ల్యా? మా ఇంటి బుడ్డి" అంది. "మొదట్లో నీ చేతికిస్తినే, అది. బొడ్డుండల్ల అని నువ్వు చెప్పిన దినం ఇంటికి పోయి తిప్పి చూస్తి. నువ్వు చెప్పినట్లే ఉండె సామీ. యాడా అతుకు ల్యా. మసి తుడిస్తే లోపల అటుకుల మాదిరి బుడగలు. మా అత్తకు వాళ్ళత్త ఇచ్చిందంట. దొర గుడారం ఎత్తేసిపోయినాక ఆడ పడుంటే తెచ్చుకున్యారంట."

నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే బొటనవేలిని తడుముకుంది. ఏడాదిన్నర కిందట ఆ వేలికి గీరుకున్నదేమిటో ఆ వేలికి గుర్తుంది. నాకే లేదు.

"ఏ దొర?" అన్నాను. గొంతు సరిగా రాలేదు.

"దొరల పేర్లు మాకెట్ల తెలుస్తాయి సామీ?"

"ఇప్పుడు యాడుంది అది? ఇంట్లోదైనా ఫరవాలేదు. రెండు వేలిస్తా. పా, పోదాం."

అవ్వ కదల్లేదు. నా మొహంలోకి చూసింది, తర్వాత నీళ్ళలోకి చూసింది.

"నేలలోంచే రావల్లంటివి కదా" అంది. "కిరసనాయిలు కంపు పోనీలే అని రేకు తీసేసి, కడిగి, తుమ్మచెట్టు పక్కన నిలువు లోతున పూడిస్తి. గుర్తుకు మూడు రాళ్ళు పెడితి. వారానికే వాన వచ్చె."

చెయ్యి చాపి చూపించింది. చెరువు నడిమధ్య తుమ్మచెట్టు కొన కొమ్మలు రెండు నీటిపైన కనిపిస్తున్నాయి. వాటి మీద ఒక కొంగ వాలి ఉంది.

"నీళ్ళు తగ్గినాక తీసిస్తాలే సామీ. ఈసారి నిజంగా నేలలోంచే వస్తాది" అని, టెంకాయ చిప్ప నా చేతిలో పెట్టింది. "ముసలమ్మకు మొక్కు. చెరువు ఎప్పుడూ ఇట్లే నిండుగా ఉండల్లని మొక్కు."

చుట్టూ జనమంతా కళ్ళు మూసుకుని అదే మొక్కుతున్నారు. నేనూ చేతులు జోడించాను. ఏమని మొక్కుకున్నానో మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మొన్న పోయి చూశాను. చెరువులో నీళ్ళు ఇంకా ఉన్నాయి.